కొంగు చాటున చదివిన పేజీలు

భవానీపురం,
19-7-2009, ఆదివారం.

మహెక్ నాన్నగారికి,

సైదా సలాములు. ముందుగా నా రాతకి మీరు క్షమించాలి. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. వొత్తులు ఎగిరిపోయిన చోట మీరే పెట్టుకుని చదువుకోండి. వరసలు వంకరపోయినా కోప్పడకండి. ఇక్కడ అత్తయ్య, అన్వరీ, మహెక్, నేను అల్లా దయవల్ల ఆరోగ్యంగానే ఉన్నాము. మీరూ అక్కడ వేళకి ఇంత తిని, కంటినిండా నిద్రపోతున్నారని అనుకుంటాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఎదురింటి అంకమ్మరావు గారు ఇవాళ రాత్రి రైలుకి హైదరాబాదు వస్తున్నారు. రేపు పొద్దున్నే మీ రూముకి వచ్చి చేతికిస్తానన్నారు. మీరు ఆఫీసుకి బయలుదేరేలోపే ఇది చదవాలి. ఎందుకో తర్వాత రాస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పనివ్వండి, లేకపోతే మర్చిపోతాను.

మహెక్‌కి దగ్గు తగ్గింది. మందు చేదని ఉమ్మేస్తుంటే అన్వరీ తేనెలో కలిపి, “ఇది అత్త మందే, నీది కాదు, ముట్టుకోకు” అని పక్కన పెట్టింది. అంతే, గిన్నె నాకేసింది. మీ నాన్న ఎక్కడున్నాడే అని ఎవరైనా అడిగితే, “వెబ్‌సైట్‌లో” అంటోంది. వీధి వీధంతా నవ్వుతున్నారు. వంటింటి రేకు మీరు చెప్పినట్టే తారు పూయించాము. మొన్నటి వానకి కారలేదు. అత్తయ్యకి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నూనె రాస్తుంటే, “నీ మొగుడు చూసిన ఇంటికి మెట్లున్నాయా లేవా, అది రాయవే ముందు” అన్నారు. మీరు మూసాపేటలో రెండు గదుల ఇల్లు చూశానని, కొళాయి లోపలే ఉందని, మీరు చేస్తున్న వెబ్‌సైటు సర్కారు పరీక్షలో పాసైతే వెంకటకృష్ణారావు సార్ మీ ఉద్యోగం పర్మినెంటు చేస్తారని, రంజాన్‌లోపు మమ్మల్నందరినీ తీసుకెళతానని రాసిన దగ్గర్నుంచి ఆవిడ కాళ్ళు ఇక్కడ నిలవడం లేదు. మన రోలు పక్కింటి హనుమాయమ్మ గారికి ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చేశారు.

ఇంతవరకు రాసి లేచి వెళ్ళాను. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెట్టి వచ్చాను. రెండు రోజులుగా నాకు ఇదే పని. ఏది ముట్టుకున్నా సగంలో వదిలేస్తున్నాను. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండటం లేదు.

శుక్రవారం సాయంత్రం మీరు ఫోను చేసి వెబ్‌సైటు ట్రయల్ ఎలా జరిగిందని అడిగితే అత్తయ్య, “అన్వరీ గడగడా చెప్పేసిందంట్రా, బ్రహ్మాండం” అన్నారు కదా. ఆవిడ తప్పు లేదు. మేము ఆవిడకి చెప్పింది అంతే. ఆవిడ ఫోను నాకు ఇవ్వబోతే, అన్నం పొంగుతోందని వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదండీ.

అమ్మకి చెప్పవద్దని మీరు రాసిన ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. సర్కారు వెబ్‌సైట్లు చూపులేనివాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా వాడుకునేలా ఉండాలని రూలు వచ్చిందని, కంప్యూటరే అక్షరాలు చదివి వాళ్ళ చెవిలో చెబుతుందని, మీరు టైపు చేసిన తెలుగుని మాత్రం అది చదవలేకపోతోందని రాశారు. గవర్నర్‌పేటలో పెళ్ళికార్డులు కొట్టినప్పుడు వాడిన అక్షరాలే అలవాటుకొద్దీ అన్ని పేజీల్లోనూ వాడేశానన్నారు. నాకు ఎంతకీ అర్థం కాకపోతే అన్వరీ చెప్పింది.

“ఆ అక్షరాలు పైకి తెలుగు చొక్కా వేసుకున్నాయి వదినా. లోపల మనిషి ఇంగ్లీషోడు. కళ్ళున్నోళ్ళు చొక్కా చూసి మనోడే అనుకుంటారు. నా మిషన్ చొక్కా చూడదు, లోపలోణ్ణే పలకరిస్తది. వాడు కచపిచ కచపిచ అంటాడు.”

ఆ అక్షరాలంటే నాకూ ఇష్టమే. మన పెళ్ళికార్డు మీద నా పేరు మీరు వాటితోనే కొట్టారు. అంత అందంగా నా పేరు అంతకుముందు ఎక్కడా చూడలేదు.

అన్నీ మళ్ళీ టైపు చేయాలంటే వ్యవధి లేదని, ముందు చూపులేనివాళ్ళతో చేయించే ట్రయల్ గట్టెక్కితే తర్వాత నెమ్మదిగా మార్చేస్తానని రాశారు. ట్రయల్‌కి పిలిచినవాళ్ళలో అన్వరీ కూడా ఉంది కనుక దాని పక్కన నన్ను కూర్చోమన్నారు. మిషన్ కచపిచ అన్నచోటల్లా తెర మీదిది చిన్నగా చదివి దాని చెవిలో వేయమన్నారు. “నువ్వు మాట్లాడుతున్నావని ఎవరికీ తెలియదు, నీ గొంతు నాకే వినపడదు” అని రాశారు. అది చదివి నవ్వుకున్నాను కూడా. అన్వరీకి చెబితే, “సరేలే, అన్న కోసం ఒక్కరోజు చెవిటిదాన్ని కూడా అవుతా” అంది.

శుక్రవారం ఇద్దరం ఆటోలో గవర్నర్‌పేట వెళ్ళాము. సర్కారు ఆఫీసు మేడ మీద గది. కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటర్లు. ట్రయల్ చూసే ఆఫీసరు పద్మావతమ్మ గారని పెద్దావిడ. మంచిగా పలకరించి కుర్చీలు వేయించారు. మా పక్క కంప్యూటరు ముందు మరియదాసు గారని ఒకాయన కూర్చున్నారు. ఆయనకీ చూపు లేదు. కంకిపాడు నుంచి బస్సులో ఒక్కరే వచ్చారట. ఎస్‌టీడీ బూతు నడిపేవారట, అందరికీ సెల్లులు వచ్చాక మూతపడిందట. “బస్సు పాసు కోసం వచ్చినప్పుడల్లా ఎవర్నో ఒకర్ని బతిమాలి తోడు తెచ్చుకోవాలమ్మా. ఇంట్లో కూర్చునే అయిపోద్దంటే ఎట్టుంటదో చూద్దామని వచ్చా” అన్నారు. అంత సంబరంగా ఉన్నారు.

మొదలుపెట్టమన్నారు. అన్వరీ ఇయర్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుంది. రెండో చెవి నా వైపు. నేను తల మీంచి కొంగు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకున్నాను. నలుగురిలో నేనెప్పుడూ అలాగే కూర్చుంటాను కనుక నన్నెవరూ చూడలేదు. పేజీ తెరుచుకుంది. నేను చదివాను. “పెన్షను దరఖాస్తు.” అన్వరీ పైకి అంది, పెన్షను దరఖాస్తు అని. “అర్హతలు.” అన్వరీ అంది, అర్హతలు అని. ధ్రువీకరణ దగ్గర నా నాలుక మడతపడింది. కింద నుంచి అన్వరీ కాలు తొక్కింది. కూడబలుక్కుని చదివేశాను. పద్మావతమ్మ గారు మా వెనక నిలబడి, “ఎంత చక్కగా వింటోందో ఈ అమ్మాయి!” అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ మాటకి నాకు లోపల సంతోషమే వేసింది. మూసాపేట ఇంట్లో కొళాయి కింద బిందె పెట్టినట్టు కళ్ళకి కనిపించింది.

అప్పుడు పక్కనుంచి మరియదాసు గారు, “మేడమ్‌గారూ, ఇది తెలుగేనాండీ?” అని అడిగారు.

“తెలుగే మాస్టారూ. తెర మీద ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు.”

“నాకేంటో రాళ్ళ మూట దొర్లినట్టుందండీ.”

“పక్కన ఆ అమ్మాయి గడగడా చెప్పేస్తోందిగా. మీకు అలవాటు తప్పినట్టుంది. నెమ్మదిగా వినండి.”

ఆయన విన్నారు. మళ్ళీ విన్నారు. మొహమంతా చెమట పట్టింది. చివరికి ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద మెల్లగా పెట్టి, “అయితే లోపం నాదేనండీ. పెద్దతనం, చెవులు కూడా పోతన్నట్టున్నాయి. ఇంకాస్త నేర్చుకుని వస్తానండీ” అని కర్ర కోసం తడుముకున్నారు.

నేను చదవడం ఆపేశాను. అన్వరీ చేతులు కూడా ఆగిపోయాయి. అది మొహం తిప్పకుండానే నాకు మాత్రమే వినపడేలా అంది. “అన్న ఉద్యోగం, నీ కాపురం వదినా. నేను నోరు తెరవను. నువ్వు చెప్పమంటే చెప్తా.”

మీకు నేనెలా చెప్పను? బళ్ళో ఏదైనా అర్థం కాకపోతే నేనూ అలాగే అనుకునేదాన్ని, నాదే మట్టిబుర్ర అని. చెప్పిన తీరులో తేడా ఉండొచ్చని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. అందుకే బడి మానేసినప్పుడు ఏడవను కూడా లేదు. ఆయన్ని అక్కడ అలా అనుకునేలా చేసింది మిషన్ కాదండీ. నేను. నేను చదవకపోతే అన్వరీ కూడా అర్థం కాలేదనేది, ఇద్దరికీ అర్థం కాకపోతే తప్పు పేజీదని తేలేది.

“మేడమ్‌గారూ, మిషన్ చదవట్లేదండీ” అన్నాను.

“ఏంటమ్మా? మంచినీళ్ళు కావాలా?” అన్నారావిడ.

మీరు రాసింది నిజమే, నా గొంతు ఎవరికీ వినపడదు. అందుకని కొంగు తీసేసి లేచి నిలబడ్డాను. “మిషన్ చదవట్లేదండీ. నేను చదువుతున్నానండీ. ఆయన చెవులు బాగానే ఉన్నాయండీ” అన్నాను. గదిలో అందరూ నా మొహమే చూశారు.

పద్మావతమ్మ గారు అన్వరీ ఇయర్‌ఫోన్ తీసుకుని తన చెవులకి పెట్టుకున్నారు. కాసేపు విని, “అయ్యో, ఇదేం భాషమ్మా!” అన్నారు. మరియదాసు గారు మాత్రం గట్టిగా నవ్వేశారు. “అయితే నా చెవులు పోలేదన్నమాట! బతికించావు తల్లీ” అని నేనెటున్నానో తెలియక కిటికీ వైపు తిరిగి దణ్ణం పెట్టారు.

ఆ తర్వాత ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఇలా చదవమని ఎవరు చెప్పారని అడిగారు. అన్వరీ మీ చెల్లెలని ఆవిడకి తెలియదు. “నా అంతట నేనే చదివానండీ, పాపం ఇబ్బంది పడుతోందని” అన్నాను. నమ్మారో లేదో. సోమవారం మధ్యాహ్నం మీ సార్‌కి ఫ్యాక్సు పంపుతామని, తెలుగు పేజీలన్నీ మార్చి తెస్తేగాని ఒప్పుకోమని, ఇది తెలిసే పంపారా తెలియక పంపారా అని కూడా అడుగుతామని అన్నారు.

ఇదండీ జరిగింది. మీరు తల పట్టుకుని కూర్చుని ఉంటారు. ఉద్యోగం పోతుందేమో, ఇల్లు వేరేవాళ్ళు తీసుకుంటారేమో, నాకు తెలియదు. తెలియకనే ఇలా తిరుగుతున్నాను. ఇక్కడ సెల్లు మోగితే భయంగా ఉంది, మోగకపోతే ఇంకా భయంగా ఉంది. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. ఇవాళ ఉత్తరం అంకమ్మరావు గారి చేతికిచ్చి వచ్చాక చెబుతాను.

మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఫ్యాక్సు వచ్చేలోపే మీరే వెంకటకృష్ణారావు సార్ దగ్గరికి వెళ్ళి, తెలిసే పంపానని చెప్పండి. మీ ఆవిడ ఆడిన అబద్ధం చాటున నిలబడకండి. అన్వరీ అంటోంది, “అన్నని ఒక్కో పేజీ మార్చి పెట్టమను, నేను ఇక్కడ నెట్ సెంటర్‌లో విని ఫోన్‌లో చెప్తా. బాగోపోతే తిడతా కూడా.” మరియదాసు గారు కూడా మళ్ళీ వస్తానన్నారు. కోప్పడాలనిపిస్తే కోప్పడండి, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకండి.

ప్రతి ఉత్తరం చివరా, ఎవరైనా చూస్తారని సిగ్గుపడి, చదివి కాల్చేయండి అని రాసేదాన్ని. ఇది కాల్చకండి. సార్ ముందు మీకు నోరు పెగలకపోతే ఈ కాగితాలే ఆయన చేతికివ్వండి. ఆయన చదివినా నాకు సిగ్గు లేదు.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ ఇంటిది, మహెక్ అమ్మ,
సైదా.