పంటి తీర్పు

గజపతినగరం,
12-2-1968.

మిత్రుడు అప్పలసూరికి,

జగన్నాధం నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టి కొట్టేశాను. నీ ధాన్యం పచ్చి అన్నానని నువ్వు నాతో మాట మానేసి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళకి రాస్తూ మొదటి వాక్యమే అబద్ధం రాయడం దేనికి? నేను క్షేమంగా లేను సూరీ. ఉత్తరం చించెయ్యకు. చివరిదాకా చదివి, అప్పుడు చించు.

నా పళ్ళు ఊడిపోయాయి. నవ్వుకో. బడి ఎగ్గొట్టిన రోజుల్లో నీ చెరుకు గెడకి కూడా తొక్క ఒలిచి ఇచ్చేవాణ్ణే, ఆ పళ్ళే. పైన ఒక్కటీ లేదు. కింద మూడున్నాయి, నాలుకతో తోస్తే కదులుతున్నాయి. మా ఆవిడ తాయారు అన్నం గంజిలో పిసికి పెడుతోంది. తిండి సంగతి అలా ఉంచు. ముప్పై ఏళ్ళుగా ఈ సంతలో నా దళారీ బతుకంతా పంటి మీదే నడిచిందని నీకు తెలుసు. రైతు బస్తా విప్పితే గింజ నోట్లో వేసుకుని కొరికేవాణ్ణి. పటుక్కుమంటే ఎండింది, మెత్తగా నలిగితే పచ్చి. నేను చెప్పాక అమ్మేవాడూ, కొనేవాడూ మారు మాట్లాడేవారు కాదు. నాకు వేరే విద్య రాదు.

మొన్న విజయనగరంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు. ఆ మూడూ పీకేసి, పైనా కిందా సెట్టు కడతానన్నాడు. వాటితో గింజ కొరికితే పచ్చో ఎండో తెలుస్తుందా అని అడిగాను. నవ్వి, కట్టుడు పన్నుకి ఏం తెలుస్తుంది తాతా, అన్నం నమలడానికి పనికొస్తుంది అంతే, అన్నాడు. నాకు యాభై నాలుగేళ్ళు. తాతా అన్నందుకు కోపం కూడా రాలేదు. వచ్చిన బస్సు వచ్చినట్టే పోతుంటే స్టాండులో చాలాసేపు కూర్చుండిపోయాను.

కట్టించీసుకోండి, పిసికి పెట్టలేక సస్తన్నాను అని తాయారు గోల. మిల్లు కూర్మయ్య ఇంకో దారి చెప్పాడు. సెట్టు ఎట్టుకుని సంతలో కూకో, కొరికినట్టు సెయ్యి, పచ్చో ఎండో నాను సైగ సేస్తాను, ఎవుడికి తెలుస్తాది, అన్నాడు. కూర్మయ్య కొనేవాడు. అతని సైగ ఎటు ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

ఛీ పో అనాల్సింది. అనలేదు. అదే నా భయం. నోట్లో పళ్ళు మెరుస్తుంటే ఆ సైగకి లొంగిపోతాను. కట్టించుకోకపోతే బోసినోటితో సంతలో నిలబడాలి. జలుబని చెప్పి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మూడు సంతలు గడిపాను. ఎన్నాళ్ళని? నిన్న పెరట్లో కూర్చుని, కింది పంటికీ పై చిగురుకీ మధ్య ఒక్కొక్క గింజా పెట్టి నొక్కాను. నెత్తురు వచ్చింది గానీ గింజ సంగతి తెలియలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను సూరీ. తాయారు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆ మూడూ పీకుతానన్నాడు డాక్టరు. ఈలోగా ఒక్క ముక్క రాయి. కట్టించుకోమంటే కట్టించుకుంటాను, వద్దంటే మానేసి తువ్వాలు తీసేస్తాను. ఇంతమంది ఉండగా నన్నెందుకు అడుగుతున్నాడు అనుకుంటావు. ఇందులో నీ మాట తప్ప ఇంకెవరి మాటా నాకు పనికిరాదు. చెల్లెమ్మ నారాయణమ్మని అడిగానని చెప్పు. చెప్పగలిగితేనే.

ఇట్లు,
ఒకప్పటి నీ
జగన్నాధం

తా.క. ఆ రోజు వారం రోజులు కళ్ళంలో ఎండబెట్టానని నువ్వు ఒట్టు పెట్టుకున్నా, పచ్చే అని సంతంతా వినేలా అన్నాను. నీ మొహం మీదే జనం నిన్ను అబద్ధాలకోరు అన్నారు. నువ్వు బస్తాల మూతులు కట్టుకుని బండి తోలుకుపోయావు. సూరీ, ఆ రోజు నేను గింజ కొరకలేదు. దవడ వాచి పన్ను మీద పన్ను ఆనడం లేదు. తెలియడం లేదని అంతమందిలో చెప్పలేక, కూర్మయ్య మొహం చూసి పచ్చి అన్నాను. గింజ బుగ్గలో అలాగే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళి తాయారు చేత కొరికించాను. పటుక్కుమంది.

ఇప్పుడు చెప్పు. పళ్ళు కట్టించుకోనా?