పది రెట్లు

జూన్ 16

చలి. హీటర్ మళ్ళీ చెడిపోయింది. అర్జెంటీనాలో ఈ మూల, తుకుమాన్‌లో, చలి రెండు నెలలే కదా నేలిదా, ఓర్చుకో అంటాడు డాక్టర్ జానెట్టి. ఆయన ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి ముప్పై ఏళ్ళు. ఓర్చుకుంటూనే ఉన్నాను.

ఏప్రిల్‌లో ఆస్పత్రి నుంచి డాక్టర్ కిరోస్ తెచ్చిన పిల్ల కేసు ఇవాళ్టికి నా చేతికొచ్చింది. రోసియో, పదేళ్ళది. గొంతు వాచింది, గుండె దడ, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ మరీ ఎక్కువ. జూలై 3న థైరాయిడ్ తీసేస్తానంటున్నాడు సర్జన్. తప్పు గ్రంథిది కాదు, హార్మోన్ మాట వినాల్సిన రిసెప్టర్‌ది అంటుంది కిరోస్. పిల్ల రిసెప్టర్ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉంది. అది చెడ్డదో కాదో నేను తేల్చాలి.

జూన్ 17

పిల్ల తల్లి మిర్తా వచ్చింది. నిమ్మకాయలు ప్యాక్ చేసే షెడ్‌లో పని. కిరోస్ ఓపిగ్గా చెప్పింది. చూడమ్మా, హార్మోన్ రానంతసేపూ రిసెప్టర్ కోరెప్రెసర్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఉంటుంది, ఆ రెండూ కలిసి కొన్ని జన్యువుల్ని నోరెత్తనివ్వవు, హార్మోన్ రాగానే పట్టు వదిలెయ్యాలి, మీ పిల్లలో వదలట్లేదేమో, ఒళ్ళు పలకట్లేదని పాపం గ్రంథి ఇంకా ఇంకా హార్మోన్ పోస్తోందేమో అని. మిర్తా అంతా విని, అయితే కొయ్యాలా వద్దా, అది చెప్పండి అంది.

జూన్ 24

పరీక్ష ఫిల్మ్ వచ్చింది. రిసెప్టర్ పట్టుకున్న కోరెప్రెసర్ దానిమీద నల్లమచ్చలా కనబడుతుంది. హార్మోన్ వేస్తే కోరెప్రెసర్ మచ్చ పోవాలి. మామూలు రిసెప్టర్‌లో పోయింది. రోసియోలోనూ పోయింది. అంటే రిసెప్టర్ బాగానే ఉంది, కొయ్యొచ్చు.

నేలిదా చేతిలో తప్పు జరగదు అంటూ జానెట్టి రిపోర్ట్ మీద సంతకం చేసి పంపేశాడు.

జూన్ 27, మధ్యాహ్నం మూడు

అందరూ ఇళ్ళకెళ్ళి కునుకు తీస్తున్నారు. ఫ్రిజ్ సర్దుతుంటే హార్మోన్ సీసా కనబడింది. మే నెలలో వచ్చింది. ఏడాది రావాలి. అప్పుడే సగమైంది.

పాత సీసా బ్వేనోస్ ఐరెస్ కస్టమ్స్‌లో నాలుగు నెలలు ఎండలో పడి ఉండి బలం పోయింది. అందుకని పది రెట్లు వెయ్యాలి అని నేనే రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. రెండేళ్ళు అందరం అలాగే వేశాం. కొత్త సీసా వచ్చింది. కాయితం తియ్యలేదు. నా చెయ్యీ మారలేదు. అంత హార్మోన్ గుమ్మరిస్తే ఎంత మొండి రిసెప్టర్ అయినా పట్టు వదులుతుంది. ఒంట్లో ఉండేపాటి హార్మోన్‌కి వదులుతుందా అన్నదే కదా నేను చూడాల్సింది.

సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 28

జానెట్టి ఇంటికెళ్ళి చెప్పాను. మాతే టీ గ్లాసు పక్కన పెట్టాడు. మళ్ళీ చేసి చూశాకే ఎవరికైనా చెప్పు, రిపోర్ట్ మీద నా సంతకం ఉంది అన్నాడు. మళ్ళీ చెయ్యాలంటే నాలుగు రోజులు. ఆపరేషన్ గురువారమే, మూడో తారీఖు.

వీధి చివర ఫోన్ నుంచి కిరోస్‌కి చెప్పేశాను. తిట్టింది. ఏమ్మా, నీ రిపోర్ట్ చూపించే కదా ఆ సర్జన్ నలుగురిలో నన్ను వెక్కిరించాడు, ఇప్పుడా చెప్పడం అంది. కాసేపటికి తగ్గి, ఫోన్‌లో మాటకి వాడు ఆగడు, ఫిల్మ్ పట్టుకురా అంది.

జూన్ 30

ఫ్రిజ్ మీది కాయితం చింపేశాను. ఈసారి ఒంట్లో ఉండేపాటి హార్మోనే వేశాను.

జూలై 2

మచ్చ ఉంది. తక్కువ మోతాదుకి మామూలు రిసెప్టర్ వదిలేసింది, రోసియోది వదల్లేదు.

ఫిల్మ్ ఆరకముందే బస్సెక్కాను. సర్జన్ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. సరే, ఆపుదాం అన్నాడు, అంతే. పిల్లకి రాత్రి అన్నం పెట్టొచ్చని నర్సుకి చెప్పారు.

జూలై 4

జానెట్టి నాతో మాట్లాడటం లేదు.

జూలై 8

మిర్తా ఒక సంచీ నిమ్మకాయలు తెచ్చింది. తనకీ ఇరవయ్యో ఏట థైరాయిడ్ తీసేశారట. కిరోస్‌కి తెలుసు, నాకే ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచీ అందరికీ ఇచ్చే మోతాదులోనే హార్మోన్ మాత్రలు. ఒళ్ళు లేవదట. షెడ్‌లో సూపర్‌వైజరూ, ఇంట్లో అత్తగారూ, ఆఖరికి మొగుడూ సోమరిపోతు అన్నారట. వినీ వినీ నేనూ నమ్మేశానమ్మా అంది. నాది కూడా పిల్లదాని జబ్బేనా అని అడిగి చెయ్యి చాపింది. రక్తం తీసుకున్నాను.

జూలై 29

మిర్తాలోనూ అదే అక్షరం. ఫిల్మ్‌లోనూ అదే మచ్చ. ఆ మాత్రలు ఆమె ఒంటికి ఏ మూలకీ సరిపోవు. పదిహేడేళ్ళుగా అవే మింగుతోంది. తీసేసిన ఆ గ్రంథి ఏ పాపమూ ఎరగదు. కిరోస్ మోతాదు పెంచుతానంది.

ఆగస్టు 1

మిర్తా కాయితం అడిగింది. తను సోమరి కాదని, సీలు వేసి. ఇంట్లో చూపించాలట.

అలాంటి ఫారం మా దగ్గర లేదు. తెల్లకాయితం మీద నేనే రాసి సంతకం చేశాను.

మిర్తా లెదెస్మా సోమరి కాదు. రెండుసార్లు చేసి చూశాను.