సంగటికీ పాస్‌వర్డుకీ మధ్య

అల్లుడు శశికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నీళ్లు లేక తోటలో చీనీ చెట్లు, అదే మన బత్తాయిలు, వాడిపోతున్నాయి.

నువ్వు నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, "అన్నీ మార్చగలిగే పాస్‌వర్డ్ నీ దగ్గర వద్దు మామా, ఏదన్నా చెరిపేస్తావు" అన్నావు. న్యాయమే. అది మీ అత్త తిమ్మక్క పెట్టుకుంది, నాకు చెప్పలేదు. ఏదైనా మార్చేముందు పాతది దాచుకోమని కూడా అన్నావు. అది ప్రోగ్రాములకే అనుకుని, బోరు మోటారు దానంతటదే ఆడే ప్రోగ్రాం రాయగానే, మోటారు పాత స్విచ్చి పీకి పాతసామాన్లవాడికి ఇచ్చేశాను.

ఇప్పుడు కరెంటు వేళలు మారాయి. ప్రోగ్రాంలో వేళ మార్చాలంటే మళ్లీ ఆమె పాస్‌వర్డ్ కొట్టాలి. రాగిసంగటిలో ఉండలున్నాయన్నానని మీ అత్త నాతో మాట్లాడటం లేదు. అలిగినప్పుడు మా మాటలు మేకతో చెప్పుకోవడం మా ఇంటి రివాజు. మేకను అమ్మేశాం (ఆ కథ వేరే ఉంది), కాబట్టి ల్యాప్‌టాప్‌తో చెబుతోంది.

"ఏమప్పా పెట్టె, సంగటి మెత్తగా ఉండాదని ఆయప్పను ఒప్పుకోమను. అంతవరకూ నేను కొట్టేది లేదు."

పాస్‌వర్డ్ లేకుండా లోపలికి పోయే దారి ఉంటే వెంటనే రాయి.

మీ మామ

తా.క. ఉత్తరం మడిచేముందు చెట్లకేసి చూశాను. "పెట్టే, సంగటి వెన్న మాదిరి ఉండాదని చెప్పు" అన్నాను. ఆమె వచ్చి పాస్‌వర్డ్ కొట్టింది, కొడుతుంటే నేను ఓరకంట చూశాను. నేను వేళ మార్చాను. మధ్యాహ్నం చెట్లకు నీళ్లు పారాయి. సాయంత్రం ఆమె పాస్‌వర్డ్ మార్చింది.