ఒడి లేని ఒడిబియ్యం

లాల్‌గడి మలక్‌పేట్,
12-8-2004.

చి.సౌ. చెల్లె భూలక్ష్మికి అక్క శోభారాణి దీవెనలు. ఇక్కడ మీ బావ, అన్నావదినలు, మీ ఆయన, నీ బిడ్డ అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. కువైట్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతాను. నీ ఉత్తరం మొన్న అందింది. కవరు అంటించిన చోట కాస్త లేచి ఉంది. నువ్వే సరిగా అంటించలేదా, ఇక్కడెవరైనా విప్పి చూశారా అని చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. నవ్వకు.

మన ఊరెలా ఉంది, వదినెలా ఉంది, ఇంకో రెండేళ్ళ పని కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని అడిగావు. వరసగానే చెబుతాను.

ఊరి సంగతి. నేను కువైట్‌లో ఉన్న ఐదేళ్ళూ కళ్ళు మూసుకుంటే చాలు, శామీర్‌పేట చెరువు గాలి తగిలినట్టే ఉండేది. వచ్చి రెండు నెలలైంది, ఆ గాలి ఎటు పోయిందో తెలియదు. యాదవ్వ పాలు పోస్తుంటే నీళ్ళు కలిపిందేమోనని వేలు ముంచి చూస్తాను. ఆటోవాడు వేరే దారిన పోతే ఆపమని అరుస్తాను. పలకరించిన వాళ్ళందరిదీ ఒకటే మాట, "మళ్ళ ఎప్పుడు పోతవ్?" అని. "నేను పోకుంటే నీకేం నష్టం?" అని పక్కింటి సాలమ్మ మొహం మీదే అనేశాను. పాపం, ఆమె మళ్ళీ మన గడప తొక్కలేదు. చేలన్నీ ప్లాట్లై హద్దురాళ్ళు మొలిచాయి. ఆ రాళ్ళను చూసినప్పుడల్లా అమ్మ తన పేర వదిలిపోయిన అర ఎకరం గుర్తొచ్చి, అమ్మేశాడేమోనని అన్న మీదా అనుమానమే.

ఇక వదిన. నెల రోజులుందామని పుట్టింటికి వచ్చాను కదా, వచ్చిన రోజు నుంచే ఆమె లోపలి గదిలో పెట్టెకు తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. నేను అటు అడుగేస్తే చాలు, "గా గదిల నీకేం పని శోభా? ఇటొచ్చి సల్లగ కూసో" అనేది. ఒకరోజు అన్నతో గుసగుసగా "శోభకు ఇప్పుడే జెప్పకు" అనడం నా చెవిన పడింది. ఇంకేముంది, అర ఎకరం కాగితాలు ఆ పెట్టెలోనే ఉన్నాయని తేల్చుకున్నాను.

నీకెప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. మనం విమానం ఎక్కే ముందు రోజు అమ్మ మనిద్దరికీ కొంగు పట్టించి, పుట్టింటి దీవెనగా పసుపు కలిపిన ఒడిబియ్యం పోసింది కదా. అందులో గుప్పెడు నేను కొంగున ముడేసుకుని తీసుకుపోయాను. అక్కడ నేను పనిచేసే ఇంటి మేడమ్ శుక్రవారం శుక్రవారం నా సంచి వెతికేది. ఆ పసుపు బియ్యం చూసి, నేనేదో మంత్రం పెడుతున్నానని కేకలేసి, పాయిఖానాలో పోసి నీళ్ళు వదిలింది. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతోనే చెప్పాను, మా దేశంలో ఒకరి మూటలో ఇంకొకరు చెయ్యి పెట్టరని. ఆ మాట అన్నందుకు ఎంత గర్వపడ్డానో!

ఇప్పుడు అసలు సంగతి. నీకు చెప్పకుండా దాచుదామనుకున్నాను, చేత కాలేదు. పోయిన సోమవారం వదిన చెవి మరిచి స్నానానికి పోయింది. నేను పెట్టె తెరిచాను. కాగితాలు లేవు. నా పాత చిలకాకుపచ్చ చీర, ఐదు ముడులు వేసి ఉంది. విప్పితే పసుపు బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, నల్లగా ఎండిన ఆకుల పొడి, మధ్యలో నా పాస్‌పోర్టు ఫోటో. ఒడిబియ్యమని నాకెలా తోస్తుంది? ఒడి లేకుండా ఒడిబియ్యం ఎవరు పోస్తారు? నాకు తోచింది ఒక్కటే, చేతబడి. మూట తీసుకుపోయి పెంటకుప్ప మీద గుమ్మరించాను. వాడంతా వినేలా వదినను అనరాని మాటలన్నాను.

తడి జుట్టుతోనే వదిన పరుగెత్తుకొచ్చింది. కోళ్ళను అదిలిస్తూ బియ్యం గింజలు ఏరుతూ కూర్చుంది.

"అత్తమ్మ పాణం బోయేటప్పుడు జెప్పింది, మూడో ఏడు ఆడివిల్లల ఒడి తప్పనియ్యకు జయమ్మా అని. మీరేమో గా దేశంల ఉంటిరి. నీ చీర పర్సి, నీ ఫోటో వెట్టి, నీ ఒడే అనుకొని పోసిన. పురుగు వట్టొద్దని యాపాకు కలిపిన. భూలక్ష్మి గూడ వస్తె ఇద్దరికీ ఒక్కసారే ఇద్దామని దాసిన."

నేను కాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది. కోప్పడలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి నన్ను 'నువ్వు' అనడం మానేసింది. "అన్నం తినుండ్రి", "నీళ్ళు తోడిన, తానం జెయ్యుండ్రి" అంటుంది. వాళ్ళింటికి నేనెవరో చుట్టాన్ని అయినట్టు. ఆ 'ండ్రి' వినబడినప్పుడల్లా పళ్ళెం ముందు నుంచి లేచిపోతున్నాను చెల్లె.

నిన్న పెట్టె తాళం తీసి గూట్లో పడేసింది. ఎర్ర చీరలో కట్టిన నీ మూట తీసి నా ముందు పెట్టి, "ఇది భూలక్ష్మిది. విప్పి సూసుకోండ్రి" అంది. నేను ముట్టుకోలేదు.

సంతకం పెట్టకు. ఊరు బాగుందని రమ్మనడం లేదు. ఇంకో రెండేళ్ళు ఉంటే నీ చేతులూ ఆ మేడమ్ చేతుల్లాగే అవుతాయని భయంగా ఉంది. వచ్చి ముందు వదిన దగ్గరికి పో. ఏమీ అడగకు. ఒడిబియ్యానికి నీ కొంగు పట్టు.

ఇట్లు,
పుట్టింట్లో 'మీరు' అయిన నీ అక్క,
శోభారాణి