కత్తిరించే బల్ల మీద గాలి

ఏప్రిల్ 4, శనివారం

ఫ్యాన్ చచ్చింది. మూడు రోజుల నుంచి మూలుగుతూనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం కాలిన వాసన వేసి ఆగిపోయింది. మేడ మీద ఉన్నది ఈ ఒక్క గదే. నెత్తిన శ్లాబు, శ్లాబు మీద ఎండ. డాన్స్ స్కూల్ వాళ్లవి నలభై ఫ్రాకులు కుట్టాలి. అన్నీ షిఫానూ నెట్టూ. మే ఎనిమిదికల్లా ఇస్తానని మాటిచ్చాను. ఇప్పటికి రెండయ్యాయి.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. చూద్దాం అన్నారు. ఈ మనిషి చూద్దాం అంటే ఏమీ చూడరని పదకొండేళ్ల కాపురంలో నాకు తెలిసింది. అయినా ప్రతిసారీ నమ్ముతాను. నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

గది కొలిచాం. అటు పది, ఇటు పదకొండు. ఎత్తు తొమ్మిది అడుగులు. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ఆయన పట్టుకున్నారు. నేను చెప్పిన అంకెలన్నీ ఫోన్‌లో రాసుకున్నారు కూడా. ఎంత బుద్ధిమంతులో అనుకున్నాను.

అసలు గొడవ ఫ్యాన్ తగిలించే కొక్కెంతో. అది గది నడిమధ్య ఉంది. నా కత్తిరించే బల్ల కిటికీ పక్కన మూలన ఉంది, ఎందుకంటే వెలుతురు అక్కడే. పాత ఫ్యాన్ తక్కువలో పెడితే గాలి నా దాకా రాదు. ఎక్కువలో పెడితే షిఫాన్ లేచి కూర్చుంటుంది. ఇస్త్రీ పెట్టె, కత్తెర, స్టీలు డబ్బాలు, ఏది దొరికితే అది బరువు పెట్టి కత్తిరించేదాన్ని. బట్ట వెంట్రుకవాసి కదిలినా చాలు, ముందు ముక్కకీ వెనక ముక్కకీ పొత్తు కుదరదు.

ఇంట్లో అందరూ ఫ్యాన్ పండితులే అయిపోయారు. రెక్కలు వెడల్పుగా ఉండాలి, గాలి మీద పడినట్టుండాలి అన్నారు అత్తగారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మేడ ఎక్కి రెండేళ్లయింది. తెల్లది కొనకండి, దుమ్ము కనిపిస్తుంది అని ఆడపడుచు ఫోన్‌లో సలహా. ఆ ఫ్యాన్ కింద రోజుకి తొమ్మిది గంటలు కూర్చునేదాన్ని ఎదురుగానే ఉన్నాను. నీకేం కావాలి అని ఒక్కళ్లు అడగలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

షాపుకెళ్లాం. ఫ్యాన్ కొనేవాళ్లని ఎప్పుడైనా గమనించాలి. షాపాయన ఫుల్లులో పెడతాడు. వీళ్లు కింద నిలబడి మొహం పైకెత్తుతారు. జుట్టు ఎగిరితే బాగుంది అని బుర్ర ఊపుతారు. మా ఆయనా అంతే. ఆయనకి ఎగరడానికి ఉన్నది నాలుగు వెంట్రుకలు, అవీ ఎగిరాయి, బాగుంది అన్నారు.

నేను సంచిలోంచి గుడ్డముక్కలు తీశాను. షిఫాన్ ఒకటి, నెట్ ఒకటి, శాటిన్ ఒకటి. ఫ్యాన్ కింద ఒక స్టూలు వేయించి దాని మీద పరిచాను. ఒకటి మీద పెట్టండి, ఇప్పుడు రెండు, ఇప్పుడు మూడు అని చెబుతూ ముక్కల వంకే చూశాను. ఏంటమ్మా, గాలి రాని ఫ్యాన్ కావాలా అన్నాడు షాపాయన. పక్కన ఎవరో నవ్వారు. ఈ పెద్దమనిషి ఏం చేశారు? మోగని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికెళ్లి నిలబడ్డారు. నాతో వచ్చిన మనిషి కానట్టు.

సిగ్గుపడాల్సింది నేనా? ఆ షాపులో తనకేం కావాలో తెలిసి వచ్చింది నేనొక్కదాన్నే.

నాలుగోది చిన్న ఫ్యాన్. ముప్పై ఆరు అంగుళాలు, రిమోటు, ఆరు స్పీడులు. రెండు మీద పెడితే నా మెడ మీద చెమట చల్లబడింది. షిఫాన్ మాత్రం కదల్లేదు. ఇదే కావాలి అన్నాను. ఆయన లోపలికొచ్చి, ఇది మరీ బొమ్మలా ఉంది, ఇంకో రెండు షాపులు చూద్దాం అన్నారు.

ఏప్రిల్ 11, శనివారం

రెండో షాపు. కొనలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

మూడో షాపు. ఇవాళ ఆయనకి ఒకటి తెగ నచ్చింది. చెక్క రంగు రెక్కలు, మధ్యలో లైటు. పడుకున్న మనిషికి ఆ లైటు కళ్లలో పడుతుందా అని షాపాయన్ని అడిగారు. నా గదిలో పడుకునేదెవరు అన్నాను. నవ్వేసి, మాటవరసకి అడిగాను అన్నారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 15, బుధవారం, మధ్యాహ్నం రెండు

తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కత్తిరిస్తున్నాను. గులాబి రంగు షిఫాన్ మీద చెమట బొట్టు పడింది. మరక. ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి కోశాను. బట్ట నాకు తూచినట్టు ఇచ్చారు, ఇలా రెండు పాడైతే ఒక పిల్లకి ఫ్రాకు ఉండదు. కిందకెళ్లి మంచినీళ్లు తాగుతుంటే, ఎండలో ఆ పనేంటి, సాయంత్రాలు కుట్టుకోరాదూ అన్నారు అత్తగారు. సాయంత్రం వంట ఎవరు చేస్తారు అని అడగలేదు. అడగాల్సింది.

ఏప్రిల్ 17, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు

ఇక వీళ్లతో కాదని నేనే మొదటి షాపుకి వెళ్లాను. ఆ చిన్న ఫ్యాన్ ఇవ్వండి అన్నాను. షాపాయన తికమకపడ్డాడు. అదేంటమ్మా, సారు మొన్న వేరే షాపులో చూశానని చెప్పి లైటున్న మోడల్ మా దగ్గర ఆర్డరు పెట్టారు కదా అన్నాడు. ఏ గదికి అన్నాను. మేడ మీద గదికేనమ్మా, తమ్ముడుగారు వస్తున్నారట కదా, బెడ్‌రూం చేస్తున్నామన్నారు అన్నాడు. పాపం షాపాయన తప్పేముంది, ఇంటి మనిషిని కదా, నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు.

తల కొట్టేసినట్టయింది. అవునవును, మర్చిపోయాను అన్నాను. ఆ అబద్ధం ఎందుకాడానో తెలియదు. మా ఇంటి సంగతి మా ఇంట్లో నాకే తెలియదని ఒక షాపువాడికి తెలియకూడదని కాబోలు.

సాయంత్రం ఆరు

చెప్పులు కూడా విప్పనివ్వలేదు, అడిగేశాను. అంతా బయటికొచ్చింది. మరిదికి ఉద్యోగం ఈ ఊరికి మారిందట. సగం రోజులు ఇంటి నుంచే పనట. మీటింగులుంటాయట, తలుపున్న గది కావాలట. నీతో ఎలా చెప్పాలా అని సమయం కోసం చూస్తున్నాను అన్నాడు. ఏ సమయం? గది కొలిచినప్పుడు నీ చేతిలో టేపు ఉంది. మూడు షాపులు నన్ను తిప్పావు. తిరిగి తిరిగి నాకే విసుగొచ్చి వదిలేస్తాననుకున్నావు.

అన్నాడు అని రాశాను. నువ్వు అని కూడా రాశాను. కొట్టెయ్యను.

మిషను కింద నడవలో వేసుకోవచ్చట. అక్కడ ఫ్యాన్ లేదు కాబట్టి టేబుల్ ఫ్యాన్ కొనిపెడతాడట. టేబుల్ ఫ్యాన్. పక్క నుంచి గాలి కొట్టే ఫ్యాన్ ముందు పెట్టుకుని షిఫాన్ కత్తిరించాలి. పైగా ఆ నడవలోంచే అందరూ స్నానాలకి వెళ్తారు. తడికాళ్లతో తెల్ల నెట్ తొక్కుతారు. నా పనేంటో ఈ మనిషికి పదకొండేళ్లలో ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ కడుపు మండింది అక్కడే.

ఇల్లన్నాక సర్దుకోవాలమ్మా అన్నారు అత్తగారు. ఆ మాట ఈ ఇంట్లో గోడల్ని చూసి ఎవరూ అనరు, నన్ను చూసే అంటారు.

ఏప్రిల్ 18, శనివారం

ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగు ఫ్రాకులయ్యాయి.

ఏప్రిల్ 20, సోమవారం

ఆయన ఆఫీసుకెళ్లాక షాపుకి ఫోన్ చేశాను. లైటున్నది వద్దు, చిన్నది పంపండి, ఎలక్ట్రీషియన్‌ని కూడా పంపండి అన్నాను. పదకొండుకల్లా వచ్చాడు. పెద్దవాడే, నిచ్చెన తనే మోసుకొచ్చాడు. తిన్నగా గది మధ్యకెళ్లి కొక్కెం కింద నిచ్చెన వేశాడు. అక్కడ కాదు అన్నాను. బల్ల పైన చూపించాను.

నిచ్చెన దిగాడు. మూలన ఎవరూ పెట్టుకోరమ్మా అన్నాడు. రేపు ఎప్పుడైనా మధ్యలో మంచం వేస్తే గాలి తగలదు అన్నాడు. మూలన పెట్టమంటున్నది అందుకే అన్నాను. నా మొహంలోకి చూశాడు. సారుకి తెలుసా అని అడిగాడు. ఈ బల్ల దగ్గర పనిచేసేది సారు కాదు అన్నాను. రెక్క గోడకి అడుగున్నర దూరం ఉండాలని కొలిచి, పెన్సిలుతో గుర్తు పెట్టి, డ్రిల్లు తీశాడు.

శ్లాబు డ్రిల్లు చేస్తే ఇల్లంతా అదిరింది. కింద మెట్ల దగ్గర నుంచి అత్తగారు ఏంటా చప్పుడు అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఫ్యానండీ అన్నాను. అబద్ధమేం కాదు.

కొత్త కొక్కెం బిగించి, వైరు గోడవెంట లాగి, ఫ్యాన్ పెట్టాడు. తర్వాత పాత కొక్కేన్ని కోసెయ్యమన్నాను. అది శ్లాబులో కమ్మికి కట్టి ఉంటుందమ్మా, దాన్ని ముట్టుకోవడమెందుకు అన్నాడు. బయటికి కనిపించేది కోసెయ్యండి చాలు అన్నాను. కోశాడు. నిప్పురవ్వలు రాలాయి. ఇనుప ముక్క నేల మీద పడింది, చిటికెనవేలంత.

ఎలక్ట్రీషియన్ వెళ్లాక ఫ్యాన్ రెండు మీద పెట్టాను. బల్ల మీద షిఫాన్ పరిచాను. కదల్లేదు. నెత్తి మీదంతా సిమెంటు దుమ్ము. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు. ఇంత చిన్న గాలి కోసం ఇంత చెయ్యాల్సి వచ్చిందని కోపంతో.

సాయంత్రం ఏడు

ఆయన వచ్చారు. చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డారు. కోసిన చోటు చూశారు. ఒక్క మాటైనా చెప్పలేదే అన్నారు. ఎవరు ఎవరితో అంటున్నారో ఆయనకి నిజంగానే తెలియలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

మరిది రెండు సూట్‌కేసులతో దిగాడు. మేడెక్కి గది చూశాడు. బల్ల, మిషను, దారాల అర, తాడుకి వేలాడుతున్న పద్దెనిమిది ఫ్రాకులు. ఇది నువ్వు పని చేసుకునే గది కదా వదినా, నాకెందుకిస్తున్నారు అన్నాడు.

నువ్వే అడిగావట కదా అన్నాను. వాడి మొహం పాలిపోయింది. నేను ఆఫీసు దగ్గర రూం చూసుకుంటానన్నాను, అన్నయ్యే ఒప్పుకోలేదు అన్నాడు. మేడ మీద గది ఖాళీగానే ఉందిరా, ఊరికే ఎందుకు బయట ఉండటం అన్నాడట.

ఖాళీగానే ఉంది.

ఎనిమిదేళ్లుగా అందులో ఉన్నాను. ఈ ఊళ్లో సగంమంది పిల్లలు అందులో కుట్టిన ఫ్రాకులు వేసుకుని స్టేజీ ఎక్కారు. తొమ్మిదో నెలలో కూడా అందులోనే కూర్చుని కుట్టాను. ఆ బిడ్డ దక్కలేదు, పదిహేనో రోజున మళ్లీ అందులోనే కూర్చున్నాను, ఎందుకంటే కింద ఎవరి మొహమూ చూడలేకపోయాను. అవన్నీ ఆయనకి తెలుసు. భోజనం చల్లారిపోతోందని మెట్ల మీద నుంచి ఎన్ని వందలసార్లు పిలిచి ఉంటారు? ఎవర్ని పిలిచినట్టు?

తమ్ముడి మీద ప్రేమ ఉండొచ్చు. నాకూ ఉంది. ఇది ప్రేమ కాదు. లెక్కలో నేను లేకపోవడం.

కిందకెళ్లి అడిగాను, ఖాళీ అన్నారా అని. మాటవరసకన్నాను అన్నారు.

మే 1, శుక్రవారం

మరిది రూం చూసుకుని వెళ్లాడు. వెళ్లేముందు మేడెక్కి సారీ వదినా అన్నాడు. ఆ మాట చెప్పాల్సిన వాళ్లు ఇంట్లోనే ఉన్నారు. అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. చెట్టంత కొడుకుని బయటికి పంపేశానని ఆడపడుచుకి ఫోన్‌లో చెబుతుంటే వినిపించింది. ముప్పై ఒక్క ఫ్రాకులయ్యాయి. ఇంకా కోపం పోలేదు. పోతుందని ఎదురుచూడటం కూడా మానేశాను. కత్తెర మాత్రం తిన్నగానే వెళ్తోంది.

మే 3, ఆదివారం, ఉదయం పది

లోపల గడియ పెట్టుకుని కుడుతున్నాను. తలుపు తట్టిన చప్పుడైంది. ఇన్నేళ్లలో ఈ తలుపు ఎవరూ తట్టలేదు, తోసుకుని వచ్చేవాళ్లు.

ఎవరు అన్నాను.

నేను అన్నారు ఆయన.

నేనంటే ఎవరు అన్నాను.