గంప కింది దోమ

నాచారం,
శ్రావణ మాసం, 2007

చిరంజీవి భూపాల్,

"బావా, నీకు పిచ్చి లేసింది" అని నువ్వు ఫోన్లో అన్నావు. ఆ మాటకు ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. చదివి చింపేసినా సరే, పూర్తిగా చదివి చింపు.

మీ అక్క పదోరోజు పొద్దున నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. ఆమె ప్రాణం విడిచిన చోట రాత్రి దీపం పెట్టి, చుట్టూ పిండి పరచి, గంప బోర్లించాం. తెల్లారి గంప ఎత్తితే పిండి మీద ఏ జీవి జాడ ఉంటే ఆ జన్మ ఎత్తినట్టు. పక్షి గోరో, ఆవు గిట్టో ఉంటుందని అందరూ వంగి చూశారు. పిండి మీద గీత కూడా లేదు. ఒక్క దోమ లేచి నా చెవి దగ్గరికి వచ్చింది. భూపాల్, అది మీ అక్క రుక్కమ్మ శ్రుతి. నేను ప్రవచనం చెబుతుంటే నా పక్కన కూర్చుని ఇన్నేళ్లూ తీసిన ఆ సన్నటి గొంతు. పోల్చుకోవడంలో నేను పొరపడతానా?

అప్పుడే అందరి ముందు చెప్పాను, ఆ తరువాత భజన మండలిలో కూడా చెప్పాను. ఎనభై నాలుగు లక్షల జన్మలని నోటితో అంటూ, దోమ అనగానే మూతి తిప్పుకునేవాడు భక్తుడు కాదు, బేరగాడు. ఆవు జన్మ అయితే దండం పెడతావు, దోమ జన్మ అయితే చప్పట్ల మధ్య నలిపేస్తావు. ఇదేనా నీ వేదాంతం? అప్పటి నుంచి పెరట్లో నీళ్ల గోలెం ఒంపలేదు. పొగ కొట్టే మున్సిపాలిటీ మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపాను.

ఇప్పుడు అసలు సంగతి. చౌరస్తాలో సుబ్రహ్మణ్యం ఇంటర్నెట్ సెంటర్ ఉంది కదా. దోమల మీద ఆసక్తి ఉన్నవాళ్లంతా చేరే ఈమెయిల్ చర్చా బృందం ఒకటి ఉందని అతనే చెప్పాడు. ఒకరు రాస్తే అన్ని దేశాలవాళ్లకూ చేరుతుందట. చేరాలంటే ఎందుకు చేరుతున్నామో రెండు ముక్కలు రాయాలి. "నా భార్య కోసం" అని రాయమన్నాను. సుబ్రహ్మణ్యం నవ్వు ఆపుకోలేకపోయాడు. "సామీ, గిండ్ల అందరు దోమల్ని సంపెతందుకే చేరిన్రు. సుట్టరికం కలుపుకొని చేరేటోనివి నువ్వొక్కనివే," అన్నాడు. నవ్వనీ. మీ అక్క ఏ జ్వరంతో పోయిందో, గంప కింద ఏం కనిపించిందో, మా అమ్మాయి దీప కాన్పుకు ఇంటికొచ్చిందనీ, అన్నీ చెప్పి ఇంగ్లీషులో రాయించాను. చివర ఒకటే అడిగాను. దోమ ఎంతకాలం బతుకుతుంది? దాన్ని ఎట్లా కాపాడుకోవాలి?

దీప కోసమైనా మందు కొట్టించమని వాడకట్టు అంతా నా మీద పడుతోంది. తల్లి బిడ్డకు కీడు చేస్తుందా అని అడిగాను.

నీ బావ,
పాండురంగ


నాచారం,
వినాయక చవితి ముందు

భూపాల్,

జవాబు వచ్చింది. కొలంబోలో దోమల మీద పనిచేసే ఒకామె రాసింది. ఆడదోమ మహా అయితే కొన్ని వారాలు బతుకుతుందట. ఆ పాట గొంతులోది కాదు, రెక్కలదట. ఎండ పెరిగితే శ్రుతి పెరుగుతుందట. మీ అక్కకు జ్వరం తెచ్చిన చారల దోమ ఇంటి మంచినీళ్లలోనే పుడుతుందట, పుట్టిన చోటు వదిలి దూరం పోదట. ఈ రోజే ఆ నీళ్లు ఒంపేయమని రాసింది.

నాకు ఒళ్లు మండింది. ఆత్మకు చావు లేదని తెలియని మనిషి నాకు ఆయుష్షు లెక్క చెబుతుందా? ఒక దోమ పోతే మళ్లీ ఆ గోలెంలోనే పుట్టకూడదా? ఇవన్నీ పేజీల కొద్దీ రాయించాను. ఆమె వాదించలేదు. "మీ దుఃఖం నాకు తెలుస్తోంది. మీ అమ్మాయి ఎట్లా ఉంది?" అని ఒక్క ముక్క రాసింది.

ఆ ప్రశ్నతోనే ఇంటికి నడిచాను. దీపాలు పెట్టే వేళ. పెరట్లో గోలెం పక్కన పీట వేసుకుని దీప కూర్చుంది. జాకెట్ చేయి భుజం దాకా మడిచి, చేయి నీళ్ల మీదికి చాపింది. చేయంతా దద్దుర్లు. కదలడం లేదు, గోకడం లేదు. కళ్లు మూసుకుంది.

"ఏందమ్మా గిది?" అన్నాను.

"మెల్లగ, బాపూ. అమ్మ ఆకలి మీదుంటది గద," అంది. "ఏ జన్మల ఉన్నా మనోళ్లకు బువ్వ వెట్టాలె అని నువ్వే చెప్పినవ్."

చెప్పాను. మండలిలో, మైకు పట్టుకుని, చప్పట్ల మధ్య చెప్పాను. మొదటి వరసలో కూర్చుని ఆ పిల్ల విన్నది.

గోలెం అంచు పట్టుకుని బోర్లా తోశాను. నీళ్లు గడప దాకా పారాయి. మట్టి మీద సన్నటి పురుగులు మెలికలు తిరిగాయి. దీప వాటిని దోసిట్లోకి ఎత్తబోయింది. నేను చేతులు పట్టుకున్నాను.

"మల్లొక్కసారి సంపినవ్ బాపూ," అంది.

ఇన్నేళ్లు ఎవరు ఏ సందేహం అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పిన నోరు నాది. దీప చేతులు కడిగి ఇంట్లోకి నడిపించాను.

నీ బావ,
పాండురంగ


నాచారం,
దసరా లోపల

భూపాల్,

దీపకు జ్వరం వచ్చిన సంగతి నీకు తెలియనివ్వలేదు. కోప్పడు, నాకు తగినదే. లాలాపేట్ అవతల ఒక దవాఖానాలో చేర్చాను. రక్తం తీసిన ప్రతిసారీ మీ అక్కకు తీసినట్టే ఉండేది, అదే బల్ల, అదే దూది వాసన. చివరికి ఇది ఆ జ్వరం కాదన్నారు. కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం నాకు వినిపించారు. గుర్రం పరుగులా ఉంది.

ఆదివారం మండలిలో లేచి నిలబడి చెప్పాను. గంప కింద నేను చూసింది దోమను, మీకు చెప్పింది నా ఆశను, రెంటినీ కలిపి శాస్త్రమన్నాను అని. కూర్చోబోతుంటే వెంకటనర్సమ్మ లేచింది. భర్త పోయి ఏడాదైనా నిండని మనిషి. "మా ఆయిన పిండిల కాకి గోరు కనవడ్డది. గదీ అబద్ధమేనా సామీ?" అని అడిగింది. ఆమె చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకా కొందరు.

ఇప్పుడు ఇంట్లో కిటికీలకు జాలీలు వేయించాను. మందు కొట్టించాను. గిన్నెలో చుక్క నీరు నిలవనివ్వడం లేదు. దోమ అన్నది కంటికి కనబడదు. అయినా దీపాలు పెట్టే వేళకు నా చెవిలో అది మొదలవుతుంది. దోమ లేని చోట దోమ పాట వినబడుతుందా అని బృందానికి రాయించాను. ఎంతమంది చదివారో, ఒక్కరూ తిరిగి రాయలేదు.

నిన్న దీప అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఇంక ఇనవడ్తున్నదా బాపూ?"

"లేదమ్మా," అన్నాను.

ఆ రాత్రి చూస్తే దోమ లోపలికి వచ్చేంత మేర కిటికీ జాలీ కొస విప్పి ఉంది. ఎవరు విప్పారో అడగలేదు.

అందుకే వేడుకుంటున్నాను. ఈ ఉత్తరం అందిన రోజే ఆటో మాట్లాడుకుని వచ్చి దీపను మీ అన్నోజిగూడకు తీసుకుపో. కాన్పు మీ ఇంట్లోనే కానీ. నేను రాను. బిడ్డ పుడితే కబురు చెప్పు, ఫోను మాత్రం దీప చేతికి ఇవ్వకు. ఆ గొంతు వింటే నేను ఏదో ఒకటి చెప్పడం మొదలుపెడతాను. నేను ఏం చెప్పినా ఆమె నమ్ముతుంది.

మీ అక్క భర్త,
పాండురంగ