దమ్ము

కాటన్‌పేట, బెంగళూరు
2004 ఆగస్టు

తమ్ముడూ గురుమూర్తీ,

మీ బావ బీడీ మానేదాకా మా గడప తొక్కనని వెళ్లిపోయావు. ఇప్పుడు మానేశాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలాక మానేశాడు.

ఇక్కడి ఆసుపత్రిలో ఒక కొత్త పద్ధతి పరీక్షిస్తున్నారు. మందును సూదితో ఎక్కించకుండా, సన్నటి తుంపరగా చేసి గొట్టంతో పీల్పిస్తారు. గుణమిస్తుందని మాటివ్వలేమని డాక్టరమ్మ ముందే చెప్పింది.

మొదటిరోజు మీ బావ ఆ గొట్టాన్ని బీడీలా వేళ్ల సందున పట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా ఒక దమ్ము లాగాడు. నర్సు తెల్లబోయింది.

"ఇంత బాగా పీల్చేది ఏడ నేర్చుకున్నారప్పా?"

"నలభై ఏండ్ల సాధకం ఉండాది తల్లీ!"

నాకు ఒళ్లు మండింది. నవ్వూ ఆగలేదు.

మొన్నటి స్కానింగులో గడ్డ పెరగలేదు. డాక్టరమ్మ అంతకుమించి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇంకో గుర్తు కనిపించింది. ఈ మందు మొదలుపెట్టక ముందు నాలుగు మాటలకే ఆయాసపడేవాడు. ఇప్పుడు నీ పేరెత్తితే చాలు, ఆగకుండా తిడుతున్నాడు.

ఈ ఉత్తరం సంగతి ఆయనకు చెప్పలేదు. నువ్వు ఒకసారి వచ్చిపో. తిట్టడానికైనా సరే, రా. ఎదురు తిట్టే దమ్ము ఆయనకు మళ్లీ వచ్చింది.

నీ అక్క